నరాల పునరుత్పత్తి మీద పీహెచ్‌డీ: జీవితకాలం పెట్టదగిన రంగమేనా?

తార్నాక_తండ్రి
మా అమ్మాయి జీవరసాయన శాస్త్రంలో ఎమ్మెస్సీ పూర్తిచేసి జేఆర్‌ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ కూడా తెచ్చుకుంది. దెబ్బతిన్న నరాలు తిరిగి ఎలా పెరుగుతాయన్న విషయం మీదే పీహెచ్‌డీ చేస్తానని పట్టుబట్టి కూర్చుంది. నేను బ్యాంకు ఉద్యోగం చేసి విరమించినవాడిని కాబట్టి ఈ శాస్త్రం నాకు తెలియదు గాని, దినపత్రిక మాత్రం వదలకుండా చదువుతాను. వెన్నుపాము తెగిన ఎలుక మళ్ళీ నడిచిందన్న వార్త నా ఉద్యోగకాలమంతా వస్తూనే ఉంది. ఎలుకలన్నీ లేచి నడుస్తున్నాయి, మనుషులు మాత్రం చక్రాల కుర్చీలోనే ఉన్నారు. జీతభత్యాల సంగతి నేను అడగడం లేదు. ముప్పై ఏళ్ళు ఇందులో పనిచేసిన శాస్త్రవేత్త చివరికి ఏమి సాధించినట్టు లెక్క? లోపల ఉన్నవారు, దగ్గరగా చూసినవారు మొహమాటం లేకుండా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

కోఠి_కుతూహలం
ఎలుకలకు అందిన వైద్యం మనుషులకెందుకు అందదన్న ప్రశ్న మా ఇంట్లోనూ నలుగుతూనే ఉంది. తెలిసినవారు చెబితే వినడానికి కూర్చున్నాను.

పాత_పిపెట్
ముందు ఒక సంగతి తేలాలి. చేతులలోకి, కాళ్ళలోకి పోయే నరాల గాయం ఒక రంగం, మెదడు, వెన్నుపాముల గాయం మరొక రంగం. చేతి నరం తెగితే అవతలి ముక్క నశిస్తుంది, ఇవతలి ముక్క నుంచి దారాల వంటి కొత్త నరపు పోగులు మొలుస్తాయి. అవతలి ముక్క నశించే తీరును అగస్టస్ వాలర్ 1850లోనే కప్ప నాలుక నరాలలో చూపించాడు. వెన్నుపాములోనైతే పోగులు కొద్దిగా మొలిచి అంతలోనే ఆగిపోతాయి. స్పెయిన్ శాస్త్రవేత్త శాంటియాగో రమోన్ ఇ కహాల్ ఈ తేడాను 1913-14 నాటికే విపులంగా వర్ణించి, ఎదిగిన మెదడులో అన్నీ చావవచ్చు గాని ఏదీ తిరిగి పుట్టదని రాసి, ఈ కఠినమైన తీర్పును మార్చగలిగితే భావికాలపు శాస్త్రమే మార్చాలని వదిలిపెట్టాడు.

విచిత్రమేమంటే ఆయన శిష్యుడు ఫ్రాన్సిస్కో టెల్లో 1911లోనే కుందేలు మెదడులో కాలి నరం ముక్కను నాటి, పోగులు అందులోకి పెరగడం చూశాడు. అంటే కణానికి పెరిగే శక్తి ఉందని, దాని పరిసరాలే అడ్డుపడుతున్నాయని సూచన అప్పుడే దొరికింది. అయితే ఆ పోగులు నిజంగా మెదడు కణాల నుంచే వచ్చాయని రుజువు చేసే సాధనం ఆయన దగ్గర లేదు. 1981లో మాంట్రియల్‌లో శామ్యూల్ డేవిడ్, ఆల్బర్ట్ అగ్వాయో ఎలుక వెన్నుపాముకూ మెదడు కాండానికీ మధ్య కాలి నరంతో వంతెన వేసి, పోగు కొన నుంచి కణం దాకా వెనక్కి ప్రయాణించే ఒక ఎంజైము జాడను పట్టుకుని, అవి కేంద్ర నాడీమండలపు (అంటే మెదడు, వెన్నుపాముల) కణాల పోగులేనని, సుమారు 3 సెంటీమీటర్లు పెరిగాయని నిరూపించారు. ఈ రెండు ప్రయోగాల మధ్య 70 ఏళ్ళు గడిచాయి. ఇటువంటి జాప్యాన్ని తట్టుకోగల మనస్తత్వం మీ అమ్మాయికి ఉందో లేదో మీకే బాగా తెలుస్తుంది.

సందేహాల_సారథి
పాత_పిపెట్ గారు చెప్పిన చరిత్ర ఆసక్తికరంగా ఉంది, కాని తండ్రిగారి ప్రశ్న అక్కడే ఉండిపోయింది. ఎలుకలు నడిచాయన్న వార్తల వెనుక సంగతి కూడా చెప్పాలి కదా. వెన్నుపాము గాయంలో గొప్పగా ప్రచురితమైన కొన్ని ఫలితాలను తిరిగి చేసి చూడమని అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు ప్రత్యేకంగా కొన్ని ప్రయోగశాలలకు నిధులిచ్చాయి. ఆ ప్రయత్నాలను ఆస్వాల్డ్ స్టీవార్డ్, ఆయన సహచరులు 2012లో సమీక్షించినప్పుడు ఎక్కువ భాగం అసలు ఫలితం తిరిగి రాలేదని తేలింది. మోసం జరిగిందని నేను అనడం లేదు. గాయం చేసేటప్పుడు తెగకుండా మిగిలిపోయిన పోగులను కొత్తగా పెరిగినవిగా లెక్కవేయడం ఈ రంగంలో పాత జబ్బు. కొద్ది జంతువులతో ప్రయోగం చేయడం, ఏ ఎలుకకు మందు ఇచ్చారో తెలిసినవారే దాని నడకకు మార్కులు వేయడం దానికి తోడవుతాయి. ఒక విద్యార్థి అయిదారేళ్ళు ఇటువంటి ఫలితం మీద నిర్మాణం మొదలుపెడితే, పునాది లేదని తెలిసేసరికి ఫెలోషిప్ అయిపోతుంది.

మణికట్టు_సర్జన్
వెన్నుపాము దగ్గరే అందరూ ఆగిపోతున్నారు కాబట్టి చేతి నరాల సంగతి నేను చెబుతాను. సంక్రాంతి వచ్చిందంటే మాంజా కోతతో మణికట్టు దగ్గర నరాలు, కండరాలను ఎముకకు కట్టే స్నాయువులు తెగినవారు మా దగ్గరకు వస్తారు. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో నిషేధించినా రాక ఆగలేదు. ఏడాది పొడవునా బైకు ప్రమాదాలలో భుజం దగ్గరి నరాల గుత్తి, అంటే బ్రేకియల్ ప్లెక్సస్, చితికిపోయిన యువకులు వస్తారు. ఒక చెయ్యి మొత్తం వేలాడుతూ ఉంటుంది. వీరి గురించి పత్రికలో వార్త రాదు.

ఇక్కడి లెక్క కఠినమైనది. మనిషిలో నరపు పోగు స్థూలంగా రోజుకు 1 మిల్లీమీటరు పెరుగుతుంది. మణికట్టు దగ్గర తెగితే బొటనవేలి కండరాలను కొన్ని నెలలలో చేరుతుంది. మెడ దగ్గర తెగితే అరచేతిలోని చిన్న కండరాలు 70 సెంటీమీటర్ల దూరంలో ఉంటాయి, అంటే సుమారు రెండేళ్ళ ప్రయాణం. నరం అందని కండరం ఏడాది, ఏడాదిన్నర దాటేసరికి పీచుగా, కొవ్వుగా మారిపోతుంది కాబట్టి, ఆ తరువాత పోగు చేరినా కండరం పలకదు. ఎంత చక్కగా కుట్టినా ఈ దూరాన్ని కుట్టుతో తగ్గించలేము. అందుకే 1994లో ఫ్రాన్సు సర్జన్ ఒబెర్లిన్, మోచేతిని వంచే కండరపు నరానికి పక్కనే పోతున్న అల్నార్ నరం నుంచి ఒక చిన్న పాయను మళ్ళించే పద్ధతి ప్రచురించారు. పోగు వేగం ఏమాత్రం పెరగలేదు, దూరం తగ్గింది, అంతే. పోగు వేగాన్ని రెట్టింపు చేయగలిగినవారు గాని, కండరాన్ని మరో ఏడాది సజీవంగా నిలపగలిగినవారు గాని వస్తే నా వృత్తి మొత్తం మారిపోతుంది. మీ అమ్మాయిని ఇటువైపు రమ్మని చెప్పండి.

కోఠి_కుతూహలం
రోజుకు మిల్లీమీటరంటే పాతబస్తీ మెట్రో కంటే మెరుగైన వేగమే.

ఫిజియో_పద్మ
సర్జన్ గారు చెప్పిన ఆ నిరీక్షణ కాలమంతా రోగి గడిపేది మా దగ్గరే. కీళ్ళు బిగుసుకోకుండా చూడటం, చేతిని సరైన భంగిమలో నిలిపే స్ప్లింటు వేయించడం, స్పర్శ లేని వేళ్ళు పొయ్యి దగ్గర కాలకుండా ఇంట్లోవారికి నేర్పడం మా పని. చాలామంది గాయమైన వెంటనే సర్జన్ దగ్గరకు పోకుండా, వీధి చివర మందుల దుకాణంలో బి12 మాత్రలు కొనుక్కుని నెలల తరబడి మింగుతారు. బి12 లోపం ఉన్నవారికి అది మంచి మందే గాని తెగిన నరానికి మాత్రలు కుట్టు వేయవు.

ప్రయోగశాల నుంచి రోగి దాకా వచ్చిన ఒక ఉదాహరణ కూడా ఉంది. కెనడాలో టెస్సా గోర్డన్ బృందం, కుట్టిన నరానికి సెకనుకు 20 చొప్పున విద్యుత్ స్పందనలను ఒకే ఒక గంట ఇస్తే పోగులు కోత దాటడంలో జరిగే జాప్యం తగ్గుతుందని 2000లో ఎలుకలలో చూపించి, 2010లో మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయిన రోగులలో శస్త్రచికిత్స తరువాత దీనిని పరీక్షించి మేలు కనబరిచింది. ఖరీదైన అణువులేమీ అవసరం లేని పద్ధతి ఇది. అన్నేళ్ళూ ఒకే ప్రశ్నను పట్టుకుని ఉన్నవారికి దక్కిన ఫలితం అని నేను అనుకుంటాను.

మసీదుబండ_మైక్రోస్కోప్
నేను పోస్ట్‌డాక్‌గా (పీహెచ్‌డీ తరువాతి పరిశోధనలో) ఇదే రంగంలో ఉన్నాను. సారథి గారి హెచ్చరికతో ఏకీభవిస్తాను గాని, రంగం ఒకే చోట తిరుగుతోందన్న ధ్వనితో ఏకీభవించను. వాలర్ కాలం నుంచి తెగిన ముక్క పోషణ లేక దానంతటదే చస్తుందని అందరూ అనుకున్నారు. 1989లో ఆక్స్‌ఫర్డ్‌లో ఒక జాతి చిట్టెలుకలలో తెగిన పోగు ఒకటి రెండు రోజులలో నశించకుండా రెండు మూడు వారాలు బతికి ఉండటం కనిపించింది. వెతుకుతున్నది అది కాదు, అనుకోకుండా కంటబడింది. దాని వెనుక పడినవారు పోగు చావు ఒక ప్రణాళిక ప్రకారం జరుగుతుందని గ్రహించారు. ఆ ప్రణాళికను నడిపే సార్మ్1 అనే ప్రొటీను పాత్ర 2012లో బయటపడింది. ఈ ప్రొటీను ఎన్ఏడీ అనే అణువును విరిచి పోగులోని శక్తి నిల్వను ఖాళీ చేస్తుంది. కీమోథెరపీ వల్ల కాళ్ళు తిమ్మిరెక్కే రోగులకు దీనిని అడ్డుకునే మందులు పనికివస్తాయేమోనని ఇప్పుడు పని జరుగుతోంది. నరాల గాయం మీద మొదలైన ప్రశ్న క్యాన్సర్ వార్డుకు చేరింది.

పెంచే వైపు కూడా ఇటువంటి మలుపే ఉంది. 2008లో జిగాంగ్ హె బృందం, కణం పెరుగుదలకు కళ్ళెం వేసే పీటెన్ అనే జన్యువును చిట్టెలుక కంటి నరపు కణాలలో తొలగిస్తే పోగులు గాయాన్ని దాటి పెరగడం చూసింది. ఆ జన్యువే చాలా క్యాన్సర్లలో పాడై ఉంటుంది కాబట్టి మనిషిలో దానిని తీసివేయమని ఎవరూ అనలేరు. అయినా పరిసరాలు మాత్రమే అడ్డు కాదు, వయసు వచ్చిన కణం తన పెరుగుదల యంత్రాంగాన్ని తానే మూసుకుంటుందన్న సంగతి దీనితో బలపడింది.

ఎలుకల_కాపరి
పీహెచ్‌డీ నాలుగో ఏడాదిలో ఉన్నాను. పెద్ద పెద్ద అణువుల సంగతి మైక్రోస్కోప్ గారు చెప్పారు కాబట్టి నేను రోజువారీ బతుకు చెబుతాను. వెన్నుపాము గాయం చేసిన ఎలుక దానంతటది మూత్రం పోయలేదు. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి పొట్ట కింద వేళ్ళతో మెల్లగా నొక్కి మూత్రాశయాన్ని ఖాళీ చేయాలి. ఉగాదైనా, బోనాలైనా, గణేష్ నిమజ్జనం రోజు దారులన్నీ మూసేసినా ఈ పనికి సెలవు లేదు. మా బంధువుల ఇళ్ళలో నేను రాని పెళ్ళిళ్ళకు కారణం ఎలుకల మూత్రమని చెబితే ఎవరూ నమ్మరు. ఆ తరువాత ఒక్కొక్క ఎలుకను బల్ల మీద నడిపించి, 0 నుంచి 21 వరకు ఉండే కొలమానం మీద ఇద్దరు విడివిడిగా మార్కులు వేస్తారు. ఏది చికిత్స పొందిన ఎలుకో ఆ ఇద్దరికీ తెలియకూడదు. మా ప్రయోగశాలలో పంజరాల సంకేత పట్టిక ఒక తాళం వేసిన సొరుగులో ఉంటుంది. సారథి గారు అన్న జబ్బుకు ఇదే మందు.

తండ్రిగారు అడగకపోయినా ఒక అంకె చెబుతాను. 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్ నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ళ తరువాత ఎస్ఆర్‌ఎఫ్ 42,000 రూపాయలు. అది ప్రతి నెలా పడుతుందన్న భ్రమ మాత్రం పెట్టుకోవద్దు.

చక్రాల_మనిషి
ఇప్పటిదాకా అందరూ నా గురించే మాట్లాడుకున్నారు గాని నన్నెవరూ అడగలేదు. నడుము పై భాగాన వెన్నుపాము తెగి కుర్చీలో ఉన్నవాడిని. తండ్రిగారి మొదటి ప్రశ్నలోనే ఒక ఊహ ఉంది, మాకు కావలసింది నడక అని. 2004లో కిమ్ ఆండర్సన్ అనే పరిశోధకురాలు వెన్నుపాము గాయమైనవారినే అడిగి ప్రచురించిన సర్వేలో, మెడ దగ్గర దెబ్బతిన్నవారిలో ఎక్కువమంది మొదట కోరింది చేతుల వాడకం. నాలాగా కాళ్ళు మాత్రమే పోయినవారిలో ఎక్కువమంది మొదట కోరింది లైంగిక జీవితం. మూత్రం, మలం మీద అదుపు రెండు వర్గాల కోరికలలోనూ పైన ఉంది. నడక అన్నిటికంటే ముందు లేదు. పరిశోధించిన ఆమె కూడా వెన్నుపాము గాయంతో ఉన్న మనిషే.

ఎలుకల_కాపరి గారూ, మీరు రోజూ రెండుసార్లు ఎలుకకు చేసే పనినే నేను గొట్టంతో రోజుకు పలుమార్లు నాకు నేను చేసుకుంటాను. మీ నోటుపుస్తకంలో నడక మార్కులకు పెద్ద పట్టిక ఉంటుంది. మూత్రాశయం ఎప్పుడు తనంతట తాను పనిచేయడం మొదలుపెట్టిందో రాసే గడి ఉందా?

ఎలుకల_కాపరి
ఉంది, కాని మూలన ఉంది. ఎంత మూత్రం మిగిలిందో రోజూ రాస్తాము, వ్యాసంలో మాత్రం అనుబంధ పట్టికలోకి పోతుంది. మీ ప్రశ్నను మా గైడ్ ముందు పెడతాను.

సందేహాల_సారథి
చక్రాల_మనిషి గారి మాటతో నా వాదన కూడా కొంత పక్కకు జరుగుతుంది. లొసాన్‌లో గ్రెగోయిర్ కూర్టీన్ బృందం వెన్నుపాము మీద ఎలక్ట్రోడ్లు పెట్టి విద్యుత్ ప్రేరణతో కొందరు రోగులను ఊతకర్రలతోనో, చట్రం ఆసరాతోనో నడిపించి 2018లో ప్రచురించింది. అందులో తెగిన పోగును తిరిగి పెంచే ప్రయత్నమే లేదు, మిగిలి ఉన్న దారులను మేల్కొల్పడమే ఉంది. అంటే పునరుత్పత్తి మీద ముప్పై ఏళ్ళు పెట్టేవారు, ఇంజనీర్లు తమను దాటిపోయే అవకాశాన్ని కూడా లెక్కలో వేసుకోవాలి.

పాత_పిపెట్
దాటిపోతే సంతోషమే, రోగికి ఎవరి దారి అయితేనేమి? అయితే పూర్తిగా తెగినచోట మేల్కొల్పడానికి దారులు మిగలవు కాబట్టి జీవశాస్త్రం పని అక్కడ ఉంటూనే ఉంటుంది. జూరిచ్‌లో మార్టిన్ ష్వాబ్ వృత్తి జీవితాన్ని చూడండి. నరపు పోగులను చుట్టి ఉండే మయలిన్ తొడుగులోనే పెరుగుదలను ఆపే ప్రొటీన్లు ఉన్నాయని 1988లో చూపించి, 1990లో వాటిని అడ్డుకునే యాంటీబాడీతో ఎలుక వెన్నుపాములో పోగులు పెరగడం ప్రచురించారు. ఆ ప్రొటీను జన్యువు 2000లో దొరికింది, దానికి నోగో అని పేరు పెట్టారు. దానిని అడ్డుకునే యాంటీబాడీతో, మెడ దగ్గర గాయమైనవారి మీద ఐరోపాలో జరిగిన రెండవ దశ పరీక్ష ఫలితాలు 2024 చివరలో వెలువడ్డాయి. మొత్తం రోగులను కలిపి చూస్తే ప్రధాన కొలమానంలో తేడా రాలేదు. గాయం అసంపూర్ణంగా ఉన్నవారిలో మాత్రం చేతుల కదలికలో కొంత మెరుగు కనిపించింది. దీనిని విజయమని నేను అనను, వైఫల్యమని కూడా అనను. తరువాతి పరీక్షకు ఎటువంటి రోగులను ఎంచుకోవాలో చెప్పిన ఫలితం అది.

కంటి_పాప
నేను కార్నియా (కంటి ముందుండే పారదర్శకమైన పొర) విభాగంలో పనిచేస్తాను. ఇదే లెక్కలో ఇటలీ శాస్త్రవేత్త రీటా లెవీ-మొంటాల్చీనిని చేర్చాలి. యూదులపై ఆంక్షల వల్ల విశ్వవిద్యాలయం నుంచి వెలివేయబడి, ట్యూరిన్‌లో తన పడకగదిలో కోడిపిండాల నరాల మీద పనిచేసి, 1950లలో అమెరికాలో నాడీ పెరుగుదల కారకాన్ని కనుగొని, 1986లో స్టాన్లీ కోహెన్‌తో కలిసి నోబెల్ అందుకున్నారు. చక్కెర వ్యాధి వల్ల నరాలు పాడైనవారికి ఇది మందవుతుందని అందరూ ఆశించారు గాని పెద్ద పరీక్షలో ఫలితం రాలేదు. ఆమె 2012లో 103 ఏళ్ళ వయసులో మరణించాక, స్పర్శ నశించి పుండుపడే కార్నియాకు అదే కారకంతో తయారైన కంటి చుక్కలకు ఐరోపాలో 2017లో, అమెరికాలో 2018లో అనుమతి వచ్చింది. ఆశించిన చోట కాక మరో చోట పనికివచ్చింది. మీ అమ్మాయికి కూడా ఇలాగే జరగవచ్చు, ఏమీ జరగకపోనూవచ్చు.

మణికట్టు_సర్జన్
కార్నియా స్పర్శ పోయినవారిలో కుష్ఠు రోగులు కూడా ఉంటారు కదా. ఆ బాక్టీరియా నరపు పోగులను చుట్టి ఉండే ష్వాన్ కణాలలోనే కాపురం పెడుతుంది. మందులతో క్రిమి పోయినా వంకరపోయిన వేళ్ళు, స్పర్శ లేని పాదాలు మిగిలిపోతాయి. పాల్ బ్రాండ్ వెల్లూరులో 1940ల చివర మొదలుపెట్టిన స్నాయువు మార్పిడి శస్త్రచికిత్సలను ఇప్పటికీ చేస్తున్నాము, ఎందుకంటే ఆ నరాన్ని తిరిగి పెంచే మార్గం ఇంకా లేదు. ధనిక దేశాల ప్రయోగశాలలకు ఈ జబ్బు కనబడదు, మనకు కనబడుతుంది. చక్కెర వ్యాధి సంగతి చెప్పనక్కరలేదు, నా రోగులలో దానితో ఉన్నవారికి నరం కోలుకోవడం మరీ నెమ్మది. ఆరోగ్యవంతమైన చిట్టెలుకలో పెరిగిన పోగు వీరిలో కూడా పెరుగుతుందా అని అడిగే విద్యార్థి మనకు కావాలి.

తార్నాక_తండ్రి
ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. అమ్మాయి కూడా కూర్చుని మొత్తం చదివింది. చక్రాల_మనిషి గారి మాటల దగ్గర చాలాసేపు ఆగింది. ఇప్పుడు తను అడగమన్న ప్రశ్న ఒకటి ఉంది. హైదరాబాద్‌లోనే ఉండి ఈ పని చేయడానికి వీలవుతుందా, లేక మొదటి రోజు నుంచే విదేశం చూసుకోవాలా?

మసీదుబండ_మైక్రోస్కోప్
పీహెచ్‌డీకి విదేశం తప్పనిసరి కాదు. హబ్సిగూడలోని సీసీఎంబీలో (కణ, అణు జీవశాస్త్ర కేంద్రం) కేంద్ర నాడీమండలపు పోగుల పునరుత్పత్తి మీద పని జరుగుతోంది. గచ్చిబౌలి వైపు కేంద్రీయ విశ్వవిద్యాలయం, గోపనపల్లిలో టీఐఎఫ్ఆర్ (టాటా మౌలిక పరిశోధన సంస్థ) ఉన్నాయి. అక్కడ సరిగ్గా ఈ విషయమే లేకపోయినా కణజీవశాస్త్రం గట్టిగా నేర్చుకోవచ్చు. ఊరు దాటగలిగితే హర్యానాలో మానేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రంలో పారదర్శకంగా ఉండే చిన్న పురుగులో లేజరుతో ఒకే ఒక పోగును కోసి అది తిరిగి పెరగడం చూస్తారు. ఆ పురుగుకు మూత్రాశయం నొక్కవలసిన పని లేదు. పీహెచ్‌డీ తరువాత కొన్నేళ్ళు బయట పనిచేసి రావడం మాత్రం ఇప్పటికీ ఆనవాయితీగానే ఉంది. తిరిగి వచ్చేవారికి రామలింగస్వామి ఫెలోషిప్ ఉంది, పరిశోధనలకు నిధులిచ్చే ఇండియా అలయన్స్ కార్యాలయం మన నగరంలోనే ఉంది. పోటీ తీవ్రంగా ఉంటుంది, వచ్చినా శాశ్వత ఉద్యోగానికి హామీ కాదు.

ఎలుకల_కాపరి
చేరేముందు గైడ్‌ను కాకుండా అక్కడి సీనియర్ విద్యార్థులను విడిగా కలవమనండి. ఆ ప్రయోగశాల నుంచి బయటికి వెళ్ళినవారు ఇప్పుడు ఎక్కడ ఉన్నారో, ఆశించిన ఫలితం రాని ప్రయోగాన్ని గైడ్ ప్రచురించనిస్తారో లేదో, జంతుశాలలో సెలవు రోజుల వంతులు ఎలా పంచుకుంటారో అడగమనండి. నేను చేరకముందు ఒక చోట చివరి ప్రశ్న అడిగితే అందరూ నవ్వి ఒకే అమ్మాయి వైపు చూశారు. అక్కడ చేరలేదు.

చక్రాల_మనిషి
మూత్రాశయం గడి సంగతి కూడా అడగమనండి.